మిల్లు కాటా మీద గుర్రప్పందెం

అహోబిలం నరసింహస్వామి మీద ఒట్టు వేసి మొదలుపెడుతున్నాను. నా కథలు విని తలలూపి, ఇంటికి పోయాక "ఆయన చెప్పినదాంట్లో రూపాయికి పావలా నమ్మొచ్చు" అని భార్యలతో చెప్పుకునే మిత్రులకు ఈసారి ఒక మనవి. పూర్తి రూపాయీ నమ్మండి. తుంగభద్ర వరదలో నా గొడుగును మొసలి మింగి, మూడో రోజు దాన్ని ఒడ్డున విప్పి ఆరబెట్టుకుందని నేను చెప్పిన మాటలో కాస్త ఉప్పూ కారం కలిసి ఉండవచ్చు. ఇది ఆ రకం కాదు. ప్రతి అక్షరమూ జరిగిందే. పైగా ఒళ్ళు మండి రాస్తున్నాను. ఒళ్ళు మండుతున్నవాడికి అల్లికలు చేసే తీరిక ఎక్కడిది?

ఎందుకు మండిందంటే, మొన్న మంగలి అంగడిలో నా పక్క కుర్చీలో ఒక యువకుడు పత్రిక చేతబట్టుకుని, బెంగుళూరు రేసుల్లో ఏ గుర్రం గెలుస్తుందో అందరికీ వివరిస్తున్నాడు. ఫలానా గుర్రం పోయినసారి రెండోదిగా వచ్చిందట, ఈసారి దాని వీపు మీద బరువు తగ్గించారట, కనుక గెలుపు దానిదేనట. "బరువు తగ్గితే ఉరుకు పెరగదా సార్? ఇది లెక్క!" అన్నాడు. నేను సగం గడ్డం మీద సబ్బుతోనే లేచి, "ఎవడ్రా నీకు ఆ లెక్క చెప్పింది?" అని అరిచాను. మంగలి చురుగ్గా కత్తి పక్కకు తీశాడు గనుక ఈ నాలుగు ముక్కలు రాయడానికి నా గొంతు మిగిలింది. ఆ యువకుడు బిక్కమొహం వేశాడు. మిగిలిన గడ్డం గీయించుకుని వచ్చేశాను. వాడికి జవాబు ఇప్పుడు చెబుతున్నాను. ఆ బరువు లెక్క ఒక ముసలాయన నోటి దగ్గరి కూడు ఎట్లా లాగేసిందో నేను కళ్ళారా చూశాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నాకు ఇరవయ్యారేళ్ళు. ఊళ్ళో ఇండ్లు చాలక ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. మా గుడారంలో మధ్యాహ్నం పూట ఫైలు తెరిస్తే చెమట చుక్కలకు సిరా కరిగి పారేది. ఒకసారి మా సూపరింటెండెంటు చెమటా నా చెమటా కలిసి ఒక అభ్యంతరం పేరాను పూర్తిగా మాయం చేస్తే, మూడేళ్ళుగా ఆగిపోయిన బావి ఒకటి మంజూరైపోయింది. ఆ ఊరివాళ్ళు నాకు బస్తా సజ్జలు తెచ్చి ఇచ్చారు. ఇది కూడా నిజమే.

నేను అద్దెకున్న గది వెనకే జట్కా చాచా కొట్టం. గోరింటాకు పెట్టిన గడ్డం, ఎండకు నల్లబడిన మెడ, అరవై దాటిన మనిషి. అందరూ ఆయన్ను చాచా అనే పిలిచేవారు, నేనూ అంతే. ఆయనది ఒక ఎర్ర గుర్రం, ఆడది. దాని మీద ఏడుగురు బతికేవారు. కొడుకు పోయాడు. కోడలు, ఆమె పిల్లలు, ఒక చెల్లెలు, ఆ చెల్లెలి మంచం పట్టిన భర్త, అందరి పొయ్యీ ఆ గుర్రం డెక్కల కింద వెలిగేది. పొద్దున్నే నన్ను ఆఫీసు గుడారం దగ్గర దించి, స్టేషనుకు పోయేవాడు.

స్టేషను బయట ఇరవై జట్కాలు వరసగా నిలిచేవి. రాజధాని వచ్చింది కదా, ప్రతి రైల్లోనూ ట్రంకు పెట్టెలతో, పరుపు చుట్టలతో ఆఫీసర్లు, వాళ్ళ కుటుంబాలు దిగేవారు. వాళ్ళు వరసలో మొదటి బండి ఎక్కేవారు, బేరమాడేవారు కాదు. చివరి బండి దగ్గరికి వచ్చేది మాత్రం అందరితో బేరమాడి, కడకు నడిచే పోదామని తేల్చుకున్నవాళ్ళు. కనుక మొదటి చోటు అంటే కడుపు నిండటం, చివరి చోటు అంటే ఉలవలకు కూడా చాలకపోవటం.

ఆ మొదటి చోటును ఏడాదికొకసారి పందెంతో తేల్చుకునేవారు. రంజాన్ అయిన తరువాతి శుక్రవారం, స్టేషను నుంచి ఊరవతల రెండో మైలురాయి దాకా పోయి, దాన్ని చుట్టి, మళ్ళీ స్టేషనుకు రావాలి. ముందొచ్చిన బండి ఏడాది పొడుగునా ఎప్పుడొచ్చినా మొదటి చోటు దానిదే. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది, అది కఠినమైనది. మొదటి చోటులో ఉన్నవాడు ఓడితే రెండో చోటుకు దిగడు. నేరుగా తోకకు పోతాడు, మళ్ళీ పందెం దాకా అక్కడే నిలుస్తాడు. ఇంతకాలం అందరికంటే ఎక్కువ తిన్నాడు కనుక అందరికంటే తక్కువ తినాలని వాళ్ళ న్యాయం. చాచా అప్పటికి వరసగా రెండేళ్ళు గెలిచి ఉన్నాడు. ఆ ఏడు గెలిస్తే మొదటి చోటు, ఓడితే తోక. నడుమ నిలబడే జాగా లేదు.

గుర్రాలన్నీ సమానం కావు కదా, మరి పందెం సమానం చేసేదెట్లా? దానికి వాళ్ళ పద్ధతి వాళ్ళకుండేది. ప్రతి బండిలోనూ నలుగురు మనుషులు కూచోవాలి. పోయినేడు గెలిచిన బండిలో అయిదుగురు, రెండేళ్ళు గెలిస్తే ఆరుగురు. అసలు చిక్కు ఇక్కడుంది. ఒక బండిలో ఎవరు కూచోవాలో ఆ బండివాడు చెప్పడు, తక్కిన బండ్లవాళ్ళు చెబుతారు. అంటే చాచా బండిలోకి ఊళ్ళోని లావుపాటి వాళ్ళందరినీ ఏరి మరీ ఎక్కించేవారు.

పందెం నెల వచ్చిందంటే కర్నూల్లో లావుపాటి మనుషుల వైభోగం చూడాలి. కుస్తీ నేర్పే ఉస్తాదును నాలుగు బండ్లవాళ్ళు నాలుగు వైపుల నుంచి పిలిచి పలావు పెట్టేవారు. ఉడిపి హోటలు వంటాయన నెలకు ముందునుంచే నడక మానేసేవాడు. మిఠాయి అంగడి శెట్టి సంగతి సరేసరి. ఆయన జట్కా ఎక్కితే చక్రాలు భూమిలో జానెడు దిగబడి, బండి పోయిన దారిలో రెండు కాలువలు పడేవి. ఆ ఏడు వాన కురిస్తే ఆ కాలువల్లోనే నీళ్ళు పారి ఊరవతల మిరప మళ్ళు తడిశాయి.

స్టేషను దగ్గర ప్రతివాడికీ గెలిచే గుర్రాన్ని పసిగట్టే కిటుకు ఒకటి ఉండేది. టీ అంగడాయన తొట్టి దగ్గర నిలబడి గుర్రాలు నీళ్ళు తాగటం చూసేవాడు. తల ఎత్తకుండా తాగిన గుర్రం నడిదారిలో ఊపిరందక ఆగుతుందని ఆయన నమ్మకం. పోర్టర్ల మేస్త్రీ నుదుటి సుళ్ళు చూసేవాడు. లాడాలు కొట్టే ఆయన గిట్టల మీద చెయ్యి పెట్టి వేడి చూసేవాడు. పార్సిలు గుమాస్తా గుర్రం మొహం కూడా చూసేవాడు కాదు. తోలేవాడు ఆ పొద్దు ఇంట్లో అన్నం తిని వచ్చాడా, పెండ్లాంతో పోట్లాడి టీతో సరిపెట్టుకున్నాడా అని విచారించేవాడు. నన్నడిగితే అందరిలోకీ ఆయన లెక్కే ఎక్కువసార్లు నిలబడింది.

చాచాకు మాత్రం ఇవేవీ పట్టేవి కావు. "ఆరుగురు దున్నపోతులను ఎక్కిస్తాండారు కదా చాచా, ఎర్రది ఎట్ల లాగుతుంది?" అని ఒకనాడు అడిగాను.

ఆయన నవ్వాడు. "బేటా, లావోళ్ళు నాకు దోస్తులు. ఒకసారి కూచుంటే మల్ల కదలరు. జట్కాకి ఉండేది రెండు చక్రాలు. ముందర బరువెక్కితే గుర్రం ఈపు మీద పడతది. ఎనక ఎక్కితే బండి లేసి, కడుపు కింద పట్టీ గుర్రాన్ని పైకి గుంజుతది. నడుమ నిలబెట్టినావనుకో, ఎంత బరువైనా సరే, గుర్రానికి తెలిసేదే లేదు."

"మరి శెట్టిని యాడ కూచోబెడతావు?"

"ఎనక, మెట్టు పక్కన. ముందర ఉండే ముగ్గురి బరువునీ ఆయనొక్కడే ఎత్తి పట్టుకుంటాడు. శెట్టి నాకు శానా ముఖ్యం. ఈ మాట ఎవరికీ చెప్పొద్దు."

నేనెవరికీ చెప్పలేదు. ఇప్పుడే చెబుతున్నాను.

ఇట్లా అన్నీ వాళ్ళ పద్ధతిలో నడుస్తుండగా దాపురించాడు మహానుభావుడు. ఆఫీసుతోపాటు మద్రాసు నుంచి బదిలీ మీద వచ్చిన పెద్ద గుమాస్తా. సన్నగా, చీపురు పుల్లలాగా ఉండేవాడు. జేబులో ఒక రేసు పుస్తకం, చెవి మీద ఒక పెన్సిలు, చేతిలో సెకన్ల ముల్లున్న గడియారం. ప్రతి శనివారమూ గిండీ వెళ్ళి రేసులు చూసేవాడినని చెప్పుకునేవాడు. ఎన్నిసార్లు గెలిచావయ్యా అంటే మాత్రం, "అది ముఖ్యం కాదండీ, పద్ధతి ముఖ్యం" అనేవాడు. అయ్యా, ఇట్లాంటివాణ్ణి చూస్తే మీకు ఒళ్ళు మండదా? జీవితంలో ఒక గుర్రానికి గడ్డి వేసి ఎరగడు, ఒక పగ్గం చేతబట్టి ఎరగడు. కాగితం మీద గీతలు గీసి, ఇరవై గుర్రాల తలరాత రాసేస్తాడు!

ఆయన లెక్క ఏమిటంటే, గుర్రానికి అయిదు విషయాలు చూడాలి. పోయిన పరుగుల్లో ఎట్లా వచ్చింది, పళ్ళను బట్టి వయసెంత, నేల మెత్తదా గట్టిదా, తోలేవాడి చెయ్యి ఎట్లాంటిది, మోసే బరువెంత. మొదటి నాలుగూ మనం మార్చలేం. అయిదోది మార్చగలం. కాబట్టి మంచి గుర్రానికి బరువు పెంచి, నాసి గుర్రానికి తగ్గించి, అన్నీ ఒకేసారి గీత దాటేట్టు చెయ్యటమే శాస్త్రమట. మరి అన్నీ ఒకేసారి దాటితే పందెం ఎందుకండీ, ఇంట్లోనే కూచోవచ్చు కదా? ఈ మాట నేనప్పుడు అడగలేదు. ఇప్పుడు తలుచుకుంటే పళ్ళు నూరుకోవాలనిపిస్తుంది.

పందేనికి పది రోజుల ముందు టీ అంగడి దగ్గర బండ్లవాళ్ళ పంచాయితీ కూచుంది. ఆ ఏడు గట్టి పోటీ తెల్ల గుర్రం వాడిది. నంద్యాల వైపు నుంచి వచ్చిన మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి, మీసం మీద చెయ్యి తీయడు. ఎప్పటిలాగే కేకలు మొదలయ్యాయి.

"ఆరుగురంటే ఆరుగురేనా? ఉస్తాదూ ఒకడే, బక్కోడూ ఒకడేనా? ఇదేం న్యాయమప్పా?"

"నీ బండికి పోయినేడు మా బావను ఎక్కిస్తిమి కదా, నువ్వు ఏడ్సలేదా?"

"మీ బావ బరువు గాదుప్పా, వాసన!"

అప్పుడు లేచాడు మద్రాసు శాస్త్రవేత్త. "తలలు లెక్కపెట్టడం అనాగరికమండీ. బరువు తూచాలి. ఊళ్ళో వేరుశెనగ మిల్లు ఉంది, దానికి కాటా ఉంది. మనుషులను దాని మీద ఎక్కించి మణుగుల్లో లెక్క వేద్దాం. నేను పట్టిక రాసిస్తాను."

నేను ఆ పక్కనే ఒక డబ్బా మీద కూచుని టీ తాగుతున్నాను. నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. పంచాయితీ అంతా ఆయన చొక్కా, గడియారం చూసి నోరు వెళ్ళబెట్టింది. చదువుకున్న మనిషి, మద్రాసు చూసిన మనిషి, ఊరికే చెబుతాడా?

మర్నాడు మిల్లు దగ్గర తిరనాళ్ళే. శెనక్కాయల బస్తాలు ఒక పక్క, పందెం మనుషులు ఒక పక్క. ఉస్తాదు కాటా ఎక్కే ముందు నడుముకున్న వెండి మొలతాడు తీయమన్నారు. ఆయన తీయనంటే తీయనన్నాడు. "పుట్టినప్పటి నుంచి ఉండేదప్పా. ఇదీ నేనే." వంటాయన తన బరువు చూసి ఏడ్చినంత పనిచేశాడు, అనుకున్నదాని కంటే తక్కువ తూగాడట. "నిన్న మజ్జిగ తాగలే. రేపు మల్ల తూయండి, పాడు కాటా!" అని మొరపెట్టుకున్నాడు. శెట్టి ఎక్కితే కాటా కొక్కెం నిలువుగా సాగి, ఆయన నిలబడిన తట్ట నేలకు ఆనింది. అట్లాగే నిలబెట్టి ముగ్గురు రాళ్ళు పెడుతూ పోయారు. మిల్లులో రాళ్ళు అయిపోయాయి. పక్క కిరాణా అంగడి నుంచి రెండు మణుగుల రాయి అరువు తెచ్చారు.

సాయంత్రానికి పట్టిక తయారైంది, టీ అంగడి దగ్గర పంచాయితీ మళ్ళీ కూచుంది. అందులో తేలిందేమిటంటే, చాచా బండిలో ఎక్కే ఆరుగురి బరువు తెల్ల గుర్రం బండికి దాదాపు రెట్టింపు. "ఇది ఘోరమండీ! ఈ ముసలాయనకు అన్యాయం జరుగుతోంది. ఇట్లా అయితే ఎర్ర గుర్రం మైలురాయి కూడా చేరదు. కనీసం ఒక లావుపాటి మనిషిని దించి, సన్నటి మనిషిని ఎక్కించాలి" అన్నాడు శాస్త్రవేత్త. ఎవరిని దించాలి? అందరికంటే బరువైనవాణ్ణి. శెట్టిని.

తక్కినవాళ్ళు గోల చేస్తారనుకున్నాను. తెల్ల గుర్రం వాడు మీసం దువ్వి, "సరేప్పా, పెద్దాయనకు మేలు జరుగుతాదంటే మనకేల అడ్డం? తీసేయండి శెట్టిని" అన్నాడు. అంత సులువుగా ఒప్పుకున్నాడంటే వాడూ జట్కావాడే, శెట్టి వెనక కూచుని ఏం చేస్తాడో వాడు అప్పటికే పసిగట్టి ఉండాలి. ఆ ఒప్పుకోలు చూసి కూడా అనుమానం రానిది అక్కడ ఒక్కడికే. చేతిలో పెన్సిలున్నవాడికి.

చాచా లేచి నిలబడ్డాడు. ఆయన పంచాయితీలో మాట్లాడటం నేను చూసింది ఆ ఒక్కసారే. "సాబ్, శెట్టిని తీయొద్దు. ఉండనీండి. నాకేం బరువు గాదు."

"మొహమాటపడకండి. ఇది మీ మంచికే."

"నా మంచి నాకు తెలుసు సాబ్. శెట్టి ఉంటేనే..." అని ఆగిపోయాడు. పూర్తి చెబితే రెండేళ్ళుగా దాచుకున్న కిటుకు అందరి ముందూ విప్పినట్టవుతుంది. చెప్పకపోతే శెట్టి పోతాడు. అటూ ఇటూ చూశాడు.

"పెద్దోళ్ళు లెక్క కట్టి చెప్తాండారు చాచా, మల్ల నీకేమి?" అన్నారు ఎవరో.

"నా మేలుకే అంటే నేనేం జేసేది" అని కూచున్నాడు. నాకు ఇప్పటికీ ఆ కూచున్న తీరు కనిపిస్తుంది. అయ్యా, మంచి చేస్తామని వచ్చేవాళ్ళను ఎదిరించటం ఎంత కష్టమో! కొట్టడానికి వచ్చినవాణ్ణయితే తిరగబడి కొట్టవచ్చు.

శెట్టి చోటులో ఎవరు ఎక్కాలి? ఊళ్ళో అందరికంటే సన్నటివాడు ఎవరు? శాస్త్రవేత్తే. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. బండిలోనే కూచుని, ఏ మైలురాయి దగ్గర ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకుని, వచ్చే ఏటికి పట్టిక ఇంకా బాగుచేస్తాడట!

శుక్రవారం నమాజు అయ్యాక పందెం. ఎండ నిప్పులు చెరుగుతోంది. స్టేషను నుంచి ఊరవతల దాకా దారికి రెండు పక్కలా జనం. ఆ రోజు మా గుడారాల్లో ఫైళ్ళు తప్ప మనుషులు లేరు. నేను రెండో మైలురాయి దగ్గర తుమ్మచెట్టు నీడలో నిలబడ్డాను, బండ్లు మలుపు తిరిగేది అక్కడే కదా అని. పోర్టర్ల మేస్త్రీ పచ్చజెండా ఊపాడట. దూరంగా దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి మొదట ఎర్రది బయటికొచ్చింది.

ఎంత బాగా వచ్చిందని! నాలుగు కాళ్ళూ నేలకు తగిలినట్టే లేదు. దాని వెనక పది బారల దూరంలో తెల్లది. చాచా చెర్నాకోల తీయలేదు, నాలుకతో చప్పుడు చేస్తున్నాడంతే. శెట్టి లేడు కనుక ఆయన ఉస్తాదును వెనక్కి మార్చి, శాస్త్రవేత్తను ఉస్తాదు పక్కన మెట్టు వైపు కూచోబెట్టి, ఎట్లాగో బండిని నడుమకు తెచ్చుకున్నాడు. మైలురాయి దగ్గర ఒడుపుగా పగ్గం లాగాడు, ఎర్రది వంగి తిరిగింది. తిరిగి స్టేషను దారి పట్టింది. ఇక అంతా అయిపోయినట్టే. జనం టోపీలు, తువ్వాళ్ళు గాల్లోకి ఎగరేస్తున్నారు.

అప్పుడు ఆ మద్రాసు మనిషికి తెల్ల గుర్రం ఎంత వెనకుందో చూడాలనిపించింది. కూచున్నచోట కూచోవచ్చు కదా! లేచాడు. ఒక చేత్తో గడియారం, ఇంకో చేత్తో పెన్సిలు, పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. బండి వెనక్కి వంగి చూశాడు. మెట్టు మీద కాలు జారింది. ఉస్తాదు మంచివాడు, "అరెరె!" అని వెనక్కి దూకి ఆయన కాలరు పట్టుకున్నాడు. ఉస్తాదు జారిపోతాడేమోనని వంటాయన ఆయన నడుము పట్టుకున్నాడు. వంటాయనను ఇంకొకరు. లోపలున్న బరువంతా ఒక్క క్షణంలో వెనక్కి పోయింది.

బండి ముందు కర్రలు ఆకాశానికి లేచాయి. కడుపు కింద పట్టీ బిగుసుకుని ఎర్రది ముందు కాళ్ళతో గాలిలో వేలాడింది. ఉరుకుతూనే ఉంది పాపం, కాళ్ళ కిందికి నేల అందలేదు. దాని గొంతులోంచి వచ్చిన చప్పుడు నేను రాయలేను. చాచా తాను కూచునే ముందు మొగ మీది నుంచి దూకి, కర్రలకు వేలాడి, తన బరువుతో బండిని కిందికి లాగాడు. ఆ ముసలాయన బరువు ఏపాటిది? ఆ లోగా తెల్లది పక్కనుంచి పోయింది. దాని వెనక ఇంకో నాలుగు బండ్లు పోయాయి. ఎవరూ ఆగలేదు. ఆగకూడదని కట్టుబాటు.

బండి నేలకు దిగాక చాచా చేసిన మొదటి పని ఎర్రదాని పట్టీ వదులు చేయటం. దాని కడుపు మీద అరచేత్తో మెల్లగా రాశాడు. ఆ తరువాత దుమ్ములో కూలబడిన శాస్త్రవేత్త దగ్గరికి వచ్చాడు. తంతాడనుకున్నాను. తన్నాలని కోరుకున్నాను కూడా. ఆయన వంగి, "దెబ్బ తగిలిందా సాబ్?" అని అడిగాడు.

అంతే. పందెం అయిపోయింది.

మర్నాటి నుంచి తెల్ల గుర్రం మొదటి చోటులో నిలిచింది. ఎర్రది తోకలో. ఎండలూ వానలూ పొడుగునా రైళ్ళు వచ్చాయి, ఆఫీసర్లు దిగారు, ముందు బండ్లు కదిలాయి, చాచా మాత్రం పగ్గాలు మోకాళ్ళ మీద పెట్టుకుని అట్లాగే కూచునేవాడు. ఉలవలు తగ్గాయి. ఎర్రదాని పక్కటెముకలు బయటపడ్డాయి. వానలు వెళ్ళాక దాన్ని ఆదోని సున్నం బట్టీవాళ్ళు కొని తోలుకుపోయారు. చాచా చెల్లెలి ఇంటి అరుగు మీద కూచుని తాళ్ళు పేనేవాడు. జట్కా కొట్టంలో ఎవరో కట్టెలు వేసుకున్నారు. బండ్లవాళ్ళు మిల్లు కాటా మాట మళ్ళీ ఎత్తలేదు, తలలు లెక్కపెట్టుకునే పద్ధతికే తిరిగి పోయారు. ఆ సిగ్గులేని మద్రాసు మనిషి పట్టికలో బరువుకు ఒక గడి ఉంది, వయసుకు ఒకటి, నేలకు ఒకటి. తోలేవాడి మాట వినడానికి గడి లేదు. తోలేవాడు నోరు తెరిచి "వద్దు" అన్నాడు, కాగితం "కావాలి" అంది, అందరూ కాగితాన్ని నమ్మారు. మంగలి అంగడిలోని యువకుడా, నీకు అర్థమైందా నేను ఎందుకు అరిచానో?

ఇక్కడితో ఆపుదామనుకున్నాను. కాని మొదట్లో నరసింహస్వామి మీద ఒట్టు వేశాను. ఆయన ఉగ్రమూర్తి. మోకాళ్ళ నొప్పులున్నవాణ్ణి, ఆ కొండెక్కి క్షమాపణ చెప్పుకునే ఓపిక నాకు లేదు, ఇక్కడే చెప్పేస్తాను. కథలో ఒకటి కల్పించాను. మొసలి గొడుగు సంగతి కాదు. శెట్టికి కాటా కొక్కెం సాగటమూ కాదు, అది నిజంగానే సాగింది.

మద్రాసు నుంచి అట్లాంటి గుమాస్తా ఎవరూ రాలేదు. గిండీ చూసినవాడు మా ఆఫీసులో ఒక్కడూ లేడు. ఆ రేసు పుస్తకం నేను గుంతకల్లు స్టేషనులో బండి మారేటప్పుడు, కాలక్షేపానికని కొన్నది. గడియారం మా నాయనది. టీ అంగడి దగ్గర లేచి తలలు లెక్కపెట్టటం తప్పన్నది నేను. మిల్లు దగ్గర పట్టిక రాసింది నేను. శెట్టి వెనక కూచుని ఏం చేస్తాడో చాచా నాకు ముందే చెప్పాడు, అది మాత్రం నిజం. చెప్పినా నాకు ఎక్కలేదు. కాగితం మీద అది ఎక్కడా పట్టలేదు మరి. చాచాకు సాయం చేస్తున్నాననుకున్నాను. ఆ రోజుల్లో నా ఒళ్ళు కూడా సన్నగానే ఉండేది, ఇప్పుడు చూసినవాళ్ళు నమ్మరు. తుమ్మచెట్టు నీడలో నేను నిలబడలేదు. ఎర్రది వంగి తిరగటం నేను చూసింది బండిలోంచే. ఉస్తాదు పట్టుకున్న కాలరు నాది.

పందెం తరువాత ఆరు నెలలు నేను గది వెనక దారి మానుకుని, హంద్రి ఏటి ఒడ్డు చుట్టి ఆఫీసుకు నడిచాను. ఆ తరువాత రాజధాని హైదరాబాదు పోయింది, ఫైళ్ళతోపాటు నేనూ పోయాను. చాచాకు చెప్పి వెళ్ళలేదు.

ఇంకొక్క మాట దిద్దాలి. దుమ్ములో పడినవాడి మీదికి వంగి ఆయన "దెబ్బ తగిలిందా సాబ్?" అన్నాడని రాశాను. ఆయన నన్ను ఏనాడూ సాబ్ అనలేదు. ఆ రోజు కూడా బేటా అనే అన్నాడు.